అన్నానికి ముందు ఒక లెక్క

పిల్లలూ! అన్నానికి కూర్చునే ముందు మీరు కాళ్ళూ చేతులూ కడుక్కుంటారు. మీ ఈడు పిల్లలే కొందరు ఆ తరువాత ఒక లెక్క కూడా చేసుకోవాలి. ఎందుకో తెలుసా?

అన్నం, రొట్టె, అరటిపండు వంటి వాటిలోని పిండిపదార్థం కడుపులో చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. ఆ చక్కెర కండరాలకు అందాలంటే ఇన్సులిన్ కావాలి. దీన్ని క్లోమగ్రంథి తయారుచేస్తుంది. మీరు ఒక ముద్ద తింటే కొంచెం, విందుభోజనం చేస్తే ఎక్కువ. లెక్కంతా అదే చూసుకుంటుంది! కొందరు పిల్లలలో క్లోమం ఈ పని మానివేస్తుంది. మిఠాయిలు తిన్నందువల్ల కాదు సుమా! ఇక వాళ్ళు ఇన్సులిన్‌ను సూదితో తీసుకోవాలి. లెక్కా తామే చూసుకోవాలి.

పూర్వం ఇలాంటి పిల్లలు ఎక్కువకాలం బతికేవారు కారు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ బాలుడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. మందు దొరికింది. కాని ఎంత తింటే ఎంత మందు? ఈ చిక్కు లారెన్స్ అనే బ్రిటిష్ డాక్టరుకు బాగా తెలుసు. ఆయనకే మధుమేహం! 1923లో ఆయన ఇటలీలో చావుకు సిద్ధపడి ఉండగా, ఇన్సులిన్ వచ్చిందని కబురందింది. లండను చేరి మందు తీసుకుని, 1968 దాకా జీవించాడు. రోగుల కోసం ఆహారాన్ని కొలతలుగా విభజించాడు. పిండిపదార్థం కొలత ఒక్కొక్కటి 10 గ్రాములు.

ఇప్పటి లెక్కా దాదాపు అలాంటిదే. ఒక అబ్బాయికి 10 గ్రాములకు ఒక యూనిట్ అని డాక్టరు చెప్పాడనుకోండి. 200 గ్రాముల అన్నంలో సుమారు 56 గ్రాముల పిండిపదార్థం, 100 గ్రాముల పెరుగులో 4. మొత్తం 60, అంటే 6 యూనిట్లు. నేతికి లెక్క లేదు, అందులో పిండిపదార్థం సున్న! ఇది ఉదాహరణ మాత్రమే. ఈ నిష్పత్తి అందరికీ ఒకటి కాదు. రక్తంలో అప్పటికే ఎంత చక్కెర ఉంది, తరువాత ఆటలున్నాయా అన్నది కూడా చూడాలి.

సూది వేసుకున్నాక సగం అన్నం వదిలేసి ఆటకు పరుగెత్తాడా, చిక్కే! రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. "చక్కెర జబ్బుగదా, తీపి పెట్టకండి" అనేవారు అప్పుడు తప్పక ఎవరో ఉంటారు. వారి మాట వినకండి! మింగగలిగితే వెంటనే నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పెద్దవాళ్ళను పిలవండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయరాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. తాగిన పావుగంటకు రక్తం మళ్ళీ పరీక్షిస్తారు. ఇంకా తక్కువగా ఉంటే మళ్ళీ అంతే పంచదార.