నీటి మధ్యలో ఇంజిను ఆగితే? బోటుకు రెండో మోటారు ఎలా బిగించాలి.. మీరేం గమనించాలి?

రోడ్డు మీద బండి ఆగిపోతే పక్కకు తోసుకోవచ్చు. నదిలో అలా కుదరదు. ఇంజిను ఆగినా బోటు ఆగదు. ప్రవాహం ఎటు లాగితే అటు పోతుంది. చుక్కాని తిప్పినా పెద్దగా ఫలితం ఉండదు. బోటు నీటిని కోసుకుంటూ ముందుకు సాగుతున్నప్పుడే చుక్కానికి పట్టు దొరుకుతుంది. ఎదురుగా వంతెన స్తంభమో, బండరాళ్లో ఉంటే పరిస్థితి ఏమిటో ఊహించండి.

అలాంటి సమయంలో బోటును ఒడ్డుకు చేర్చడానికే కొన్నింటికి వెనుక మరో చిన్న ఔట్‌బోర్డ్ మోటారు బిగిస్తారు. ఇంజిను, ప్రొపెల్లర్ ఒకే యూనిట్‌గా ఉండి బోటు బయట వేలాడేదే ఔట్‌బోర్డ్. విశాఖ, కాకినాడ తీరాల్లో ఫైబర్ బోట్లకు కనిపించేవి ఇవే. అయితే రెండో మోటారు ఉన్నంత మాత్రాన సరిపోదు. సరిగా బిగించకపోతే అవసరమైన రోజు అది మోయాల్సిన బరువుగానే మిగులుతుంది.

ఎంత శక్తి కావాలి?

ఇది ఒడ్డుకు చేర్చే మోటారు, వేగం కోసం కాదు. ఆరేడు మీటర్ల బోటుకు సాధారణంగా 5 నుంచి 10 హెచ్‌పీ వాడతారు. నిలకడ నీటిలో గంటకు 7, 8 కిలోమీటర్ల వేగం వస్తే చాలు. ఎదురు ప్రవాహం గంటకు 5 కిలోమీటర్లుంటే మీరు నికరంగా ముందుకు వెళ్లేది 2, 3 కిలోమీటర్లే. అందుకే ఎదురీదకుండా ఏటవాలుగా దగ్గరి ఒడ్డుకు నడిపిస్తారు.

షాఫ్ట్ పొడవు ఎందుకు ముఖ్యం?

ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. మోటారు తగిలించే వెనుక పలకను ట్రాన్సమ్ అంటారు. ఔట్‌బోర్డ్ షాఫ్టులు ప్రధానంగా 15, 20, 25 అంగుళాల కొలతల్లో దొరుకుతాయి. మోటారును ఆనించే అంచు నుంచి బోటు అడుగు దాకా ఎంత లోతుందో కొలిచి దానికి తగ్గది ఎంచుకోవాలి. పైకీ కిందికీ కదిలే బ్రాకెట్ వాడితే, దాన్ని పూర్తిగా దించాకే కొలవాలి.

ప్రొపెల్లర్‌కు కాస్త పైన అడ్డంగా ఒక రేకు ఉంటుంది. అది బోటు అడుగు మట్టానికి సమంగా గానీ, ఒక అంగుళం కిందికి గానీ ఉండాలి. అంతకంటే పైకి ఉంటే ప్రొపెల్లర్ గాలిని లాగేసుకుని, చప్పుడు పెరగడమే తప్ప బోటు కదలదు. అలలకు బోటు వెనుక భాగం లేచే చోట పొడవు షాఫ్టే మేలు.

ఎక్కడ, ఎలా బిగించాలి?

* చోటు: ప్రధాన ఇంజిను పక్కన బిగించాలి. రెండింటినీ పూర్తిగా తిప్పి, పైకి ఎత్తి చూసినప్పుడు ఒకదానికొకటి తగలకూడదు.
* బ్రాకెట్: 5, 6 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ మోటారు పాతిక కిలోలకు పైనే ఉంటుంది. 10 హెచ్‌పీకి దగ్గరైతే 40 కిలోల వరకూ ఉండొచ్చు. ఆ బరువుకూ, ఆ హెచ్‌పీకీ సరిపోతుందని బ్రాకెట్ మీద రాసి ఉందో లేదో చూడాలి.
* బోల్టులు: స్క్రూలు చాలవు. పలకకు ఈ పక్క నుంచి ఆ పక్కకు స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు దింపి, లోపలి వైపు వెడల్పాటి ప్లేటు వేసి నట్లు బిగించాలి. లేదంటే అదురుకు రంధ్రాలు పెద్దవవుతాయి.
* సీలెంట్: చాలా ఫైబర్ బోట్లలో ట్రాన్సమ్ లోపల చెక్క ఉంటుంది. రంధ్రంలోంచి నీరు చేరితే బయటికి కనిపించకుండానే అది కుళ్లిపోతుంది. అందుకే ప్రతి రంధ్రాన్నీ బోట్లకు వాడే సీలెంట్‌తో మూయాలి.
* గొలుసు: క్లాంపులు వదులైనా మోటారు నీళ్లలో పడకుండా బోటుకు గొలుసుతో కట్టాలి.
* బరువు: వెనుక ఒక మూలకే బరువు పడితే బోటు ఒరుగుతుంది. బ్యాటరీనో, ట్యాంకునో రెండో వైపుకు జరిపి సరిచేయాలి.

ఒకే ట్యాంకు చాలదా?

చాలదు. ఇంధనంలో నీరో, మురికో చేరి ప్రధాన ఇంజిను ఆగిందనుకోండి. అదే ట్యాంకు నుంచి నడిచే రెండో మోటారూ ఆగుతుంది. కాబట్టి దానికి విడిగా ట్యాంకు ఉండాలి. పెట్రోలు ట్యాంకును మూసి ఉన్న ఇంజిను గదిలో పెట్టకూడదు. పోగైన ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది కనుక నెలల తరబడి నిల్వ ఉంచకూడదు. బ్యాటరీతో పనిలేకుండా తాడు లాగి స్టార్ట్ చేసే వీలూ ఉండాలి.

బిగించాక పరీక్ష ఎలా?

బోటు నిండా ఎంత బరువు ఉంటుందో అంత బరువుతో, ప్రధాన ఇంజిను ఆపేసి, చిన్న మోటారుతోనే గాలికి ఎదురు నడిపి చూడాలి. రివర్స్ కూడా వేయాలి. మోటారు పక్క నుంచి సన్నగా నీటి ధార వస్తుంటే కూలింగ్ పనిచేస్తున్నట్టు. ఆ తర్వాత కూడా నెలకోసారైనా నడపాలి. ఉప్పునీటిలో తిప్పితే మంచినీటితో కడగాలి.

చట్టం ఏమంటోంది?

నదులు, కాలువల్లో తిరిగే మోటారు బోట్లకు ఇప్పుడు వర్తించేది 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం. 1917 నాటి పాత చట్టం స్థానంలో దీన్ని తెచ్చారు. దీని ప్రకారం బోటుకు రిజిస్ట్రేషన్‌తో పాటు, నిపుణులు తనిఖీ చేసి ఇచ్చే సర్వే సర్టిఫికెట్ ఉండాలి. కాబట్టి బోటు యజమానులు రెండో మోటారు బిగించే ముందే రిజిస్టర్ చేసిన కార్యాలయంలో అడగడం మంచిది.

ప్రయాణికులుగా మీరేం చేయాలి?

భవానీ ద్వీపానికి వెళ్లినా, హుస్సేన్‌సాగర్‌లో బుద్ధ విగ్రహం చూడబోయినా, పాపికొండల యాత్రకు బయల్దేరినా ఎక్కేముందు ఒకసారి బోటు వెనుక వైపు చూడండి. ఇంజిను ఆగితే ఏం చేస్తారని సరంగును అడగండి. రెండో మోటారు ఉందంటే, చివరిసారి ఎప్పుడు నడిపారో అడగండి. లేదంటే లంగరు, తాడు, తెడ్లు ఉన్నాయా, సాయానికి మరో బోటును పిలిచే ఏర్పాటుందా తెలుసుకోండి.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఏ చిన్న మోటారూ వరద గోదావరిని గెలవలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగింది వరద ప్రవాహంలోనే. నీరు ఉద్ధృతంగా ఉంటే ప్రయాణం మానుకోండి. మామూలు రోజుల్లోనూ లైఫ్ జాకెట్ వేసుకుని, పట్టీలు బిగించుకున్నాకే బోటు కదలనివ్వండి. ఆపద వస్తే 112కు, సముద్రంలో అయితే కోస్ట్‌గార్డ్ నంబరు 1554కు ఫోన్ చేయండి. ఈ రెండు నంబర్లూ ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.