క్వార్కును కట్టేసిన సుడులు

ప్రోటాన్‌లో మూడు క్వార్కులుంటాయని బళ్ళో చెప్పారుగా తల్లీ, మరి ఒక్క క్వార్కునైనా విడిగా పట్టుకున్నవాళ్ళున్నారా? లేరు. విడదీయబోతే సుమారు 15 టన్నుల బరువంత బలం వెనక్కి లాగుతుంది. దూరం పెరిగినా ఆ లాగుడు సడలదు. మరీ లాగితే మధ్యలో క్వార్కుల కొత్త జంట పుట్టుకొస్తుంది. ఎందుకిలా అంటే, నాకు అన్నిటికంటే నచ్చిన జవాబు సుడుల్లో ఉంది.

చుక్కల ముగ్గు పెట్టి, చుక్కల్ని నిలువుగా, అడ్డంగా కలుపు. ఒక్కో గీత మీద ప్లస్ ఒకటో, మైనస్ ఒకటో రాయి. ఏదైనా గడి తీసుకుని నాలుగు గీతల అంకెలూ గుణించు. మైనస్ వచ్చిందా, ఆ గడిలోంచి సుడి దూరిపోతోందన్నమాట. ఇప్పుడు ఒక చుక్కని తాకే గీతలన్నిటి గుర్తులూ తిప్పెయ్యి. ఏ గడి లబ్ధమూ మారదు! ఆ చుక్క దగ్గరున్న ప్రతి గడిలోనూ రెండేసి గీతలు మారతాయి కదా, ఒక మైనస్‌ని ఇంకో మైనస్ కొట్టేస్తుంది. క్వార్కుల్ని కట్టేసే బలాన్ని వివరించే గేజ్ సిద్ధాంతం ప్రాణమంతా ఇందులోనే ఉంది.

జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంజ్ వెగ్నర్ 1971లో ఈ ముగ్గునే ఎత్తుకి కూడా పెంచి లెక్కకట్టాడు. పెద్ద చుట్టు గీసి, అంచు గీతలన్నీ గుణిస్తే, లోపల దూరిన సుడులు సరా, బేసా అన్నది తేలుతుంది. గుర్తులు చిందరవందరగా ఉంటే సుడులు పొడుగ్గా సాగి అంతటా అల్లుకుంటాయి. అప్పుడు చుట్టు వైశాల్యం పెరిగేకొద్దీ ఆ లబ్ధాల సగటు గబగబా పడిపోతుంది. గుర్తులు కుదురుగా ఉంటే సుడులు చిన్న ఉంగరాలవుతాయి. అవి లోపలికి దూరినచోటే మళ్ళీ బయటికొస్తాయి గనక అంచుని పెనవేసుకున్నవే లెక్కకొస్తాయి, సగటు చుట్టుకొలతని బట్టి తగ్గుతుంది. మధ్యలో కచ్చితమైన మలుపొకటుంది.

1974లో కెన్నెత్ విల్సన్ ఈ చుట్టునే క్వార్కులకి అన్వయించాడు. వైశాల్యాన్ని బట్టి పడిపోతే క్వార్కులు బందీలే. 1999లో ఫిలిప్ ద ఫోర్క్రాండ్, మాసిమో డెలియా కంప్యూటర్లో సుడుల్ని తీసేసి చూస్తే ఆ లాగుడే మాయమైంది. ఇంత గట్టి ఆధారమున్నా గణిత నిరూపణ ఇంకా దొరకలేదు. దొరకాలని నాకెంతో ఆశ.

సుమారు 1.8 లక్షల కోట్ల డిగ్రీల వేడిలో క్వార్కులు విడిపోతాయి. బ్రూక్‌హేవెన్, సెర్న్ ప్రయోగశాలల్లో భారీ కేంద్రకాల్ని ఢీకొట్టించి ఆ వేడి పుట్టించారు. నిజమైన క్వార్కులకి ఆ మార్పు ఒక్క దెబ్బన రాదు, మెల్లగా వస్తుంది. సుడులు అప్పుడూ పోవు. క్వార్కుల లెక్కలో కాలం కూడా ముగ్గులో ఒక దిక్కే; ఆ దిక్కున పొట్టిగా చుట్టుకుంటాయంతే. ఆ వేడిలో కూడా, కాలాన్ని వదిలేసి స్థలంలో మాత్రమే గీసిన చుట్టుకి పాత వైశాల్యం లెక్కే వర్తిస్తుంది.