హెన్రీ రగ్స్: తాగి కారు నడిపాడు.. ఒక ప్రాణం పోయింది, కోట్ల కెరీర్ ఒక్కరోజులో ఖతం!

22 ఏళ్లకే స్టార్‌డమ్. 40 గజాలు 4.27 సెకన్లలో పరిగెత్తే స్పీడ్. 2020 డ్రాఫ్ట్‌లో 12వ ప్లేయర్‌గా ఎంపిక. నాలుగేళ్లకు కోటీ 66 లక్షల డాలర్ల కాంట్రాక్ట్. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు హెన్రీ రగ్స్‌కు ఇవన్నీ ఉన్నాయి. కానీ..

అసలేం జరిగిందంటే..
2021 నవంబర్ 2, తెల్లవారుజాము. లాస్ వేగస్‌లో రగ్స్ కారు గంటకు 250 కిలోమీటర్ల వేగం అందుకుంది. ముందు వెళ్తున్న కారును బలంగా ఢీకొట్టింది. ఆ కారుకు మంటలంటుకుని 23 ఏళ్ల యువతి, ఆమె పెంపుడు కుక్క చనిపోయారు. రగ్స్ రక్తంలో ఆల్కహాల్ 0.161 శాతం. అక్కడి లిమిట్ 0.08. అంటే రెట్టింపు! రైడర్స్ జట్టు అదే రోజు అతన్ని తప్పించింది.

మరి డబ్బు సంగతేంటి?
'గ్యారంటీ' కాంట్రాక్ట్ కదా, ఆడకపోయినా డబ్బులొస్తాయి అనుకుంటాం. కానీ ఆ గ్యారంటీకి షరతులుంటాయి. ఆటగాడు జైలుకెళ్లి ఆడలేకపోతే మిగిలిన జీతం ఆగిపోవచ్చు. ముందే ఇచ్చిన సైనింగ్ బోనస్‌లోనూ, ఆడని సీజన్ల వాటా తిరిగి ఇవ్వమని జట్టు అడగొచ్చు. పైగా లాయర్ల ఖర్చులు. సంపాదన ఆగిపోతుంది, ఖర్చు మాత్రం ఆగదు.

ఇప్పుడెక్కడ?
2023 మేలో రగ్స్ నేరం ఒప్పుకున్నాడు. ఆగస్టులో కోర్టు 3 నుంచి 10 ఏళ్ల జైలు శిక్ష వేసింది. కనీసం మూడేళ్లు గడిచాకే పెరోల్.

శిక్షకు గడువుంది. ఆ యువతి కుటుంబం బాధకు మాత్రం లేదు. ఆ రాత్రి ఒక్క క్యాబ్ బుక్ చేసుకుని ఉంటే చాలు!