కరెంటు పుట్టే చోటు – కరెంటు చేరే చోటు

విద్యుత్తు దేశ ప్రగతికి జీవనాడి అన్న మాట మనం ప్రతి సభలోనూ వింటుంటాం. ఆ మాట నిజమే. అయితే జీవనాడి అన్న తరువాత గుండె ఎంత బలంగా కొట్టుకుంటున్నదో చూస్తే చాలదు. వేలి కొసల దాకా రక్తం చేరుతున్నదా అన్నది కూడా చూడాలి. మన విద్యుత్ వ్యవస్థలో గుండెను గురించి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. వేలి కొసలను గురించి మాట్లాడేవారు తక్కువ.

నేను ఎలక్ట్రికల్ శాఖలో చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది వ్యవసాయ కుటుంబం. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడల్లా మా చిన్నాన్న అడిగే ప్రశ్న ఒకటే: "ఏరా, ఇన్ని పవర్ హౌసులు కట్టారు గదా, మన మోటారు ఎందుకు కాలిపోతోందిరా?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉత్పత్తి కొరత మనం ఎరగనిది కాదు. 2012, 2013 సంవత్సరాలలో పడ్డ కోతలు అందరికీ గుర్తే. ఆ తరువాత పరిస్థితి మారింది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణాది గ్రిడ్డు దేశపు గ్రిడ్డుతో కలిసింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా ప్రారంభమయింది. అంటే కరెంటు ఉన్నది. మరి ఊరి చివరి ఇంట్లో బల్బు మినుకు మినుకుమనడం, చివరి పొలంలో మోటారు మూలగడం ఎందుకు?

రామగుండంలోనో, ఇబ్రహీంపట్నంలోనో, శ్రీశైలంలోనో పుట్టిన విద్యుత్తు 400, 220, 132 కిలోవోల్టుల లైన్ల మీదుగా ప్రయాణించి, 33 కిలోవోల్టులకు దిగి, మండలంలోని సబ్‌స్టేషనులో 11 కిలోవోల్టులకు దిగుతుంది. అక్కడి నుంచి ఫీడరు మీద ఊరి ట్రాన్స్‌ఫార్మరుకు చేరి, 400 వోల్టులుగా మారి మోటారుకు అందుతుంది. ఈ ప్రయాణంలో వందల కిలోమీటర్లు క్షేమంగా గడిచిపోతాయి. చిక్కంతా చివరి ఒకటి రెండు కిలోమీటర్లలో వస్తుంది.

కారణం మనం ఇంటర్మీడియట్‌లో చదువుకున్న సూత్రమే. తీగలో వేడి రూపంలో పోయే నష్టం కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుంది. అయిదు హార్స్ పవర్ మోటారు 400 వోల్టుల దగ్గర ఎనిమిది ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. అదే శక్తిని 11,000 వోల్టుల దగ్గర పంపితే ఆంపియరులో మూడో వంతు కూడా అక్కర్లేదు. కరెంటు 27 రెట్లు తగ్గింది. దాని వర్గం తీసుకుంటే, అదే తీగలో, అదే దూరానికి నష్టం ఏడు వందల రెట్లకు పైగా తగ్గుతుంది!

మన పాత పద్ధతి దీనికి విరుద్ధం. ఊరికి ఒక 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, అక్కడి నుంచి ఎల్.టి. తీగలను పొలాల వెంట కిలోమీటరు, రెండు కిలోమీటర్లు లాగి, పదిహేను ఇరవై మోటార్లు తగిలించడం. బోర్లు పెరిగినకొద్దీ అదే తీగకు మరో అయిదు చేరతాయి. చివరి మోటారు దగ్గర 400 వోల్టులు ఉండవలసిన చోట 300 ఉంటే, దాని తిప్పే బలం సగం కంటే కాస్త ఎక్కువకు పడిపోతుంది. నీరు తోడాలి గనుక ఎక్కువ కరెంటు లాగుతుంది. వైండింగు వేడెక్కి కాలుతుంది. మోటారు పైకి తీయించి చుట్టించేలోగా పైరు ఎండుతుంది. ఒక్క ట్రాన్స్‌ఫార్మరు పోతే ఇరవై మంది పొలాలు ఆగిపోతాయి. ఫ్యూజు పోతే, లైన్‌మన్ వచ్చేదాకా ఆగలేక రైతే వేయబోయి ప్రాణం పోగొట్టుకున్న వార్తలు మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

దీనికి విరుగుడుగా వచ్చినదే హెచ్.వి.డి.ఎస్., అంటే అధిక వోల్టేజి పంపిణీ విధానం. 1999లో ఉమ్మడి రాష్ట్రపు విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయి, 2000లో నాలుగు పంపిణీ సంస్థలు ఏర్పడిన తరువాత ఈ విధానం మన దగ్గర పెద్ద ఎత్తున అమలయింది. ఇందులో 11 కిలోవోల్టుల లైనునే పొలం దాకా తీసుకుపోతారు. రెండు మూడు మోటార్లకు, మహా అయితే నాలుగింటికి, ఒక 16 లేక 25 కె.వి.ఎ. చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెడతారు. వోల్టేజి నిలుస్తుంది. ఒకటి కాలినా మిగతా పొలాలకు ఇబ్బంది లేదు. 11,000 వోల్టుల తీగకు కొక్కెం తగిలించే సాహసం ఎవరూ చెయ్యరు. పైగా 'ఇది మన ముగ్గురిది' అన్న భావం కలిగి, నాలుగో మోటారును దొంగతనంగా కలపనివ్వరు.

దీనికీ ఖర్చు లేకపోలేదు. ఎక్కువ ట్రాన్స్‌ఫార్మర్లంటే ఎక్కువ పెట్టుబడి. మోటారు తిరిగినా తిరగకపోయినా, లైనులో సరఫరా ఉన్నంతసేపూ ప్రతి ట్రాన్స్‌ఫార్మరు ఇనుప కోరులో కొంత శక్తి వృథా అవుతూనే ఉంటుంది. అందుకే తక్కువ నష్టం గల మంచి కోరు ఉన్నవాటినే కొనాలి. చవకగా వచ్చిందని నాసిరకం కొంటే ఒక చేత్తో ఆదా చేసింది రెండో చేత్తో పోతుంది.

చిన్న పనులూ ఉన్నాయి. మోటారుకు కెపాసిటరు బిగించి పవర్ ఫ్యాక్టరును 0.7 నుంచి 0.95కు పెంచితే లైనులో నష్టం దాదాపు సగమవుతుంది. వ్యవసాయానికి, ఇళ్లకు వేర్వేరు ఫీడర్లు ఉంటే పొలాలకు వేళ ప్రకారం ఇస్తూనే ఇళ్లకు రోజంతా ఇవ్వవచ్చు. గుజరాత్‌లో 2003లో మొదలైన జ్యోతిగ్రామ్ పథకం ఈ పనే చేసింది. ఇక ఫీడరుకు ఒకవైపు నుంచే సరఫరా ఉంటే, దారిలో ఒక చెట్టు కొమ్మ పడితే అవతల ఊళ్లన్నీ చీకటి. రెండో వైపు నుంచి కూడా లైను కలిపి, మధ్యలో స్విచ్చి పెడితే, చెడిన ముక్కను మాత్రం విడదీసి మిగతా ఊళ్లకు కొద్దిసేపట్లో ఇవ్వవచ్చు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడి నగరపు విద్యుత్ స్తంభాలను నేలకూల్చింది. కరెంటు లేకపోతే మంచినీటి పంపులు తిరగవు, ఫోన్లు పలకవు. ఆ తరువాత ప్రపంచ బ్యాంకు రుణ సహాయంతో నగరంలో భూగర్భ కేబుళ్లు వేసే పని చేపట్టారు. భూగర్భ కేబులు ఖర్చు చాలా ఎక్కువ, చెడితే ఎక్కడ చెడిందో వెతకడం కష్టం. కనుక అది ప్రతి పల్లెకూ పనికిరాదు. కాని తుపాను తీరంలోని నగరానికి అది విలాసమని అనలేం.

ఏ మరమ్మతుకైనా ముందు లెక్క కావాలి. 'మాది నూటికి 99 వంతుల నమ్మకమైన సరఫరా' అంటే వినడానికి బాగానే ఉంటుంది. ఏడాదికి 8,760 గంటలు. అందులో ఒక వంతు అంటే 87 గంటలకు పైగా చీకటి! అందుచేత ఒక్కో వినియోగదారుకు ఏడాదిలో ఎన్నిసార్లు కరెంటు పోయింది, మొత్తం ఎన్ని నిమిషాలు పోయింది అని కొలవాలి. ఉచిత విద్యుత్తు 2004 నుంచి మన రైతుకు అందుతున్నది. మీటరు అనగానే బిల్లు వస్తుందేమోనని రైతు భయపడటం సహజం. కనీసం ప్రతి ట్రాన్స్‌ఫార్మరుకు ఒక మీటరు పెట్టి, బిల్లు కోసం కాక లెక్క కోసమే వాడితే, నష్టం ఎక్కడ జరుగుతున్నదో తేలుతుందని నా అభిప్రాయం. ఆ లెక్క లేనంత కాలం తీగలో పోయినదీ, దొంగిలించబడినదీ కూడా రైతు వాడుక ఖాతాలోనే పడే ప్రమాదం ఉన్నది.

2021లో కేంద్ర ప్రభుత్వం పంపిణీ రంగ పునర్వ్యవస్థీకరణకు మూడు లక్షల కోట్ల రూపాయలకు పైగా అంచనాతో ఒక పథకం ప్రకటించింది. డబ్బు వస్తుంది, పోతుంది. ఏ తీగ ముందు మార్చాలో తెలిసినవాళ్లు కావాలి. మిత్రులారా, మనం ప్రాజెక్టు వర్కు అనగానే ఎక్కడిదో పెద్ద గ్రిడ్డును కాగితం మీద పరిష్కరిస్తుంటాం. ఈసారి మన ఊరి ఫీడరును తీసుకుందాం. చివరి మోటారు దగ్గర వోల్టేజి ఎంతో, ట్రాన్స్‌ఫార్మరు మీద భారం ఎంతో, ఎర్తింగు ఎలా ఉన్నదో ఏ.ఇ. గారి అనుమతితో కొలిచి రాసుకుందాం. రాబోయే ఇరవై ఏళ్లలో ఆ ఫీడరు మీదికి ఇంకా బోర్లు, ఏ.సి.లు, బ్యాటరీ బండ్లు రాబోతున్నాయి. వాటన్నిటినీ మోయవలసినది ఆ చివరి తీగే.