పితృభోజనములో మిరియము



పితృకార్యమునాడు మన ఇండ్లలో వంట వేరుగా నుండుట మీరెరిగినదే. అనేక కుటుంబములలో ఆనాడు మిరపకాయ, బంగాళాదుంప, టమాటా వాడరు. కారమునకు మిరియములు, అల్లము. కూరలకు అరటికాయ, కంద. వీనితో పెసరపప్పు, మినపగారెలు, నువ్వులు వడ్డింతురు. "అర్థములేని నిషేధము" అని నేటి యువకులు కొందరు విసుగుకొనుచున్నారు. కారణమెరిగినచో ఆ విసుగు తొలగును.

ఆ మూడింటికిని జన్మస్థానము అమెరికా ఖండములు. 1498లో వాస్కో డ గామా కళ్ళికోట చేరిన పిదప, పోర్చుగీసువారి మూలమున మిరప మన దేశమునకు వచ్చినది. తక్కినవియు సముద్రము దాటి వచ్చినవే. అన్నమాచార్యులవారి (1408–1503) కాలమున తెలుగువారు మిరపకాయ నెరుగరు. వారి కారము మిరియము, అల్లము, పిప్పలి మొదలగువానిదే. కొత్తకాయకు మనవారిడిన 'మిరప' అను పేరులోను మిరియమే దాగియున్నది.

కనుక మిరపకాయ తినుట దోషమని కాదు. పూర్వులెరిగిన ఆహారమునే పూర్వులకు సమర్పించుచున్నాము. ఐదువందల ఏండ్లనాటి వంటశాల ఆ విస్తరిలో నేటికిని నిలిచియున్నది.

మిరియములోని పైపరిన్, పసుపులోని కర్కుమిన్‌ను శరీరము గ్రహించుటకు తోడ్పడునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. సంతోషమే. కాని పెద్దలు ఆ పేర్లెరిగియే వండిరనుట సత్యము కాదు. అసత్యముతో ఆచారమును నిలుపవలసిన పనిలేదు.

రాబోవు తిథినాడు పిల్లలను వంటయింటికి పిలిచి ఈ సంగతి చెప్పుదము. శ్రద్ధతో చేయునది శ్రాద్ధము. తెలిసి చేసినచో ఆ శ్రద్ధ తరువాతి తరమునను నిలుచును.