నిప్పునార్పు పంపునకు విద్యుత్తు

ఇంటిలో నిప్పంటుకొన్నపుడు విద్యుత్తు విషయమున చేయవలసిన పని ఏది? మెయిన్ స్విచ్చి ఆపవలెనని విద్యార్థులందరును చెప్పుదురు. ఆ సమాధానము సరియైనదే. కాని నిప్పునార్పుటకు నీటిని చిమ్మెడి పంపు కూడ ఆ స్విచ్చిమీదనే ఆధారపడి యున్నచో? స్విచ్చి ఆపిన క్షణముననే నీరును ఆగిపోవును. ఎంతో వెచ్చించి అమర్చుకొన్న రక్షణ, అవసరమైన నిమిషముననే లేకుండ పోవును.

అసలు పంపు ఎందుకు? ఇంటికప్పునకు అమర్చెడి స్ప్రింక్లరులో ద్రవము నిండిన చిన్న గాజుబుడ్డి మూతను అదిమిపట్టి నీటిని ఆపియుంచును. ఎఱ్ఱని ద్రవముగల బుడ్డి 68 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద పగులును, నీరు చిమ్మును. దీనికి విద్యుత్తు అక్కరలేదు, నీటి పీడనము కావలెను. 10 మీటర్ల నీటిస్తంభము సుమారు ఒక వాతావరణ పీడనమును కలిగించును. మేడమీది తొట్టి రెండు మూడు మీటర్ల ఎత్తుననే యుండుటచే అందులో సుమారు నాల్గవవంతే లభించును. అది చాలదు. కనుకనే పంపు అవసరము.

ఈ పంపునకు తీగెను మెయిన్ స్విచ్చి తరువాత కాక, మీటరు తరువాత, మెయిన్ స్విచ్చికి ముందే వేరుశాఖగా తీయవలెను. ఆ శాఖకు దాని స్విచ్చి, దాని బ్రేకరు ఉండవలెను. స్విచ్చిపై “అగ్నిమాపక పంపు – ఆపరాదు” అని వ్రాయవలెను. ఇల్లంతటికి కలిపి పెట్టిన లీకేజి బ్రేకరు క్రింద దీనిని చేర్చరాదు. తడిసిన ఏ గదిలోనో 30 మిల్లీ ఆంపియర్లు నేలలోనికి కారినను ఆ బ్రేకరు తెగును, పంపు ఆగును. కాని లీకేజి రక్షణ, ఎర్తు లేకుండ పంపును నడుపుట ప్రాణాపాయము. కనుక ఈ శాఖకు వేరుగా లీకేజి బ్రేకరు, మంచి ఎర్తు ఉండవలెను.

ఇక లెక్క చూతము. బోరు మోటారు వేసిన క్షణమున దీపములు మసకబారుట మీరు చూచియే యుందురు. 1.5 అశ్వశక్తి మోటారు 230 వోల్టులపై నడచునపుడు సుమారు 9 ఆంపియర్లు తీసికొనును. బయలుదేరునపుడు ఐదారు రెట్లు, అనగా సుమారు 50 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ‘బి’ తరగతి బ్రేకరు 48–80 ఆంపియర్ల మధ్య తక్షణమే తెగును. కనుక అది మోటారును బయలుదేరనీయక పోవచ్చును. ‘సి’ తరగతిది 80–160 ఆంపియర్ల మధ్య తెగును. ఇచట అదియే తగినది.

తీగె లావు కూడ ముఖ్యమే. పంపు 30 మీటర్ల దూరమున నున్నచో, పోవు రాగితీగె, వచ్చు తీగె కలిసి 60 మీటర్లు. అడ్డుకోత 2.5 చదరపు మిల్లీమీటర్లైనచో నిరోధము సుమారు 0.41 ఓము. 50 ఆంపియర్లకు 21 వోల్టులు దారిలోనే పోవును. మోటారు త్రిప్పుబలము వోల్టేజి వర్గమును అనుసరించును గనుక అది సుమారు 17 శాతము తగ్గును. 4 చదరపు మిల్లీమీటర్ల తీగెయైనచో నష్టము 13 వోల్టులే.

మామూలు పి.వి.సి. తొడుగు మంటకు మెత్తబడి కరగును. తీగెలు ఒకదానినొకటి తాకును. అందుచే ఈ తీగెను వంటయింటి మీదుగా గాక వెలుపలి గోడవెంట ఇనుపగొట్టములో తీయుట మేలు. రాగికవచములో మెగ్నీషియం ఆక్సైడు నింపిన తీగె మంటలోను చాలసేపు పనిచేయును. రాగి కరగుటకు 1,085 డిగ్రీలు కావలెను గదా!

ఒక హెచ్చరిక. మెయిన్ స్విచ్చి ఆపినను ఈ శాఖలో విద్యుత్తు ఉండును. కనుక ఈ పనిని విద్యుత్ సంస్థ అనుమతితో, లైసెన్సుగల ఎలక్ట్రీషియను మాత్రమే చేయవలెను. అగ్నిమాపక దళము వచ్చినపుడు ఈ సంగతి మొదట వారికి చెప్పవలెను. వీధిలోనే కరెంటు పోయినచో ఈ శాఖయు పనిచేయదు. దానికి జనరేటరు వంటి మరియొక ఆధారము ఉండవలెను.

ఇన్నియు సరిగా నున్నవో లేవో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. నెలకొకసారి మెయిన్ స్విచ్చి ఆపి పంపును నడపి చూడుడు. ఇల్లంతయు చీకటియై పంపు మాత్రము తిరిగినచో, మీ అమరిక సరియైన దారిలో నున్నట్లు.