ఆటలాడే తమ్ముళ్లు లినక్స్‌కు మారితే...

వార్షికోత్సవ సంచికకు కంప్యూటర్ల మీద ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేశారు. ఎం.సి.ఎ. చదువుతున్నాను కాబట్టి కృత్రిమ మేధ గురించో, ఉద్యోగాల గురించో రాస్తాననుకొని ఉంటారు. నేను మాత్రం మన హాస్టల్లోనే చేసిన ఒక పొరపాటు గురించి రాస్తున్నాను. అది చదివితే మీలో ఎవరైనా అదే పని చేయబోయే ముందు ఒక్క నిమిషం ఆగుతారని ఆశ.

2025 నవంబరులో డిగ్రీ చదివే ముగ్గురు తమ్ముళ్లు ఒక పాత డెస్క్‌టాప్ కొన్నారు. స్కాలర్‌షిప్ డబ్బులు కొన్ని, సెలవుల్లో క్యాటరింగ్ పనికి వెళ్లి తెచ్చుకున్నవి కొన్ని కలిపి కొన్న కంప్యూటర్ అది. ఇంటెల్ నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, ఎనిమిది జీబీ ర్యామ్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. అందులో ఉన్నది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు మారాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి మొదలయ్యే ప్రాసెసర్లు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. అవి ఇందులో లేవు. "అన్నా, ఏం చేద్దాం?" అని అడిగారు. "లినక్స్ వేసేద్దాం, రూపాయి ఖర్చు లేదు" అన్నాను.

ఒక ఆదివారం పెన్‌డ్రైవ్ పట్టుకొని వచ్చి, మెస్సులో భోజనం గంట కొట్టేలోపు హార్డ్‌డిస్క్ మొత్తం తుడిచి లినక్స్ మింట్ ఎక్కించాను. నెట్ వచ్చింది, తెలుగు టైపింగ్ వచ్చింది, రెజ్యూమె రాసుకోవడానికి లిబ్రెఆఫీస్ సిద్ధంగా ఉంది. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. ఇలాంటి రోజున కాస్త గర్వం ఎక్కువే అవుతుంది. ఆ గర్వంతోనే బస్సెక్కాను. రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ వచ్చింది. "అన్నా, మన ఆట రావట్లేదే!"

అది ఐదుగురు ఒక జట్టుగా ఆడే ఆన్‌లైన్ కాల్పుల ఆట. గురుకులంలో ఇంటర్ దాకా ఒకే డార్మిటరీలో పడుకున్న మిత్రులు ఇప్పుడు నాలుగు ఊళ్లలో ఉన్నారు. ఆదివారం రాత్రి ఈ ఒక్క కంప్యూటర్ ముందు మనవాళ్లు వంతులవారీగా కూర్చొని వాళ్లతో ఆడతారు. ఆట పేరుకే. ఎవరికి ఫీజు కట్టడం కష్టమైందో, ఎవరి నాన్నకు ఒంట్లో బాగాలేదో, ఎవరు చదువు మానేద్దామనుకుంటున్నారో ఆ హెడ్‌ఫోన్‌లోనే తెలుస్తుంది. ఈ కంప్యూటర్‌తో మీరేం చేస్తారని నేను ముందు అడగనే లేదు.

అసలు విషయానికి వస్తాను. లినక్స్ 1991లో ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నల్. ఉబుంటు, మింట్, ఫెడోరా వంటివన్నీ దాని మీద కట్టిన ఇళ్లు. కంప్యూటర్ ఆటలు ఎక్కువగా విండోస్ కోసమే తయారవుతాయి. తెర మీద బొమ్మ గీయడానికి ఆ ఆటలు డైరెక్ట్‌ఎక్స్ అనే విండోస్ భాషలో ఆజ్ఞలిస్తాయి. లినక్స్‌కు ఆ భాష రాదు. అందుకని మధ్యలో ఒక దుబాసీ కావాలి.

తెలుగు మీడియంలో చదివి డిగ్రీలో చేరిన మొదటి నెల మనకందరికీ గుర్తుండే ఉంటుంది. లెక్చరర్ గారు ఇంగ్లీషులో చెబుతుంటే పక్క బెంచీ మిత్రుడు చెవిలో తెలుగులో చెప్పేవాడు. లినక్స్‌లో ఆ మిత్రుడి పని చేసేది వైన్. దాని తయారీ 1993లో మొదలైంది. స్టీమ్ అనే ఆటల దుకాణం నడిపే వాల్వ్ సంస్థ 2018 ఆగస్టులో వైన్‌కు మరికొన్ని పనిముట్లు చేర్చి ప్రోటాన్ పేరుతో ఇచ్చింది. డైరెక్ట్‌ఎక్స్ ఆజ్ఞలను వల్కన్ అనే భాషలోకి అప్పటికప్పుడు మార్చే డీఎక్స్‌వీకే ఇందులో ముఖ్యమైనది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి యంత్రం లినక్స్ మీదే నడుస్తుంది. కాబట్టి లినక్స్‌లో ఆటలు ఆడలేమన్న పాత మాటకు ఇప్పుడు అర్థం లేదు. ఒక్కరే కూర్చొని ఆడుకొనే ఆటలు చాలావరకు నడుస్తున్నాయి. మైన్‌క్రాఫ్ట్ జావా రకం, డోటా 2, కౌంటర్ స్ట్రైక్ 2 వంటివాటికి దుబాసీ కూడా అక్కర్లేదు. అవి నేరుగా లినక్స్ కోసమే వస్తాయి.

అయితే ఆ దుబాసీకి వల్కన్ బాగా తెలిసిన గ్రాఫిక్స్ కావాలి. మనలాంటి వాళ్లకు దెబ్బ తగిలేది ఇక్కడే. పాత కంప్యూటర్‌కు లినక్స్ ప్రాణం పోస్తుందని అందరూ అంటారు. నేనూ అన్నాను. బ్రౌజరుకు, చదువుకు అది నిజమే. కానీ 2022 నవంబరులో వచ్చిన డీఎక్స్‌వీకే 2.0 నుంచి వల్కన్ 1.3 తప్పనిసరి. ఇంటెల్ నాలుగో తరం లోపలి గ్రాఫిక్స్‌కు వల్కన్ మద్దతు అసంపూర్ణం. ఆరో తరం నుంచి ఫరవాలేదు. తమ్ముళ్లు స్టీమ్‌లో డైరెక్ట్‌ఎక్స్ 11 ఆట ఒకటి పెట్టుకొని ‘ప్లే’ నొక్కితే ఆ బొత్తాం ‘స్టాప్’ అని మారింది, రెండు క్షణాలకు మళ్లీ ‘ప్లే’ అయి కూర్చుంది. తప్పు ఏమిటో ఒక్క ముక్క కూడా తెర మీద రాలేదు. ఆట పేరు మీద కుడి నొక్కు నొక్కి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి, పాత ప్రోటాన్ 7.0ను ఎంచుకోమన్నాను. ఆట తెరుచుకుంది, నెమ్మదిగానే అనుకోండి. ఇంత తతంగం ఉంటుందని మొదటిసారి మారేవాడికి ఎలా తెలుస్తుంది?

ఆదివారం ఆటది మాత్రం వేరే సంగతి. దాన్ని ఆపింది దుబాసీ కాదు, గేటు దగ్గరి కాపలాదారు. ఆన్‌లైన్ ఆటల్లో మోసం చేసేవాళ్లను పట్టుకోవడానికి యాంటీచీట్ అనే ప్రోగ్రాం ఉంటుంది. కొన్ని ఆటల్లో అది విండోస్ కెర్నల్ లోపలికే వెళ్లి కూర్చొని కంప్యూటర్ మొత్తాన్ని కనిపెడుతుంది. వాలరెంట్ ఆటలోని వాన్‌గార్డ్ ఇలాంటిదే. కెర్నల్ లోపల కూర్చొనేదాన్ని వైన్ అనువదించలేదు. అందుకే ఆ ఆట లినక్స్‌లో నడవదు. ఈజీ యాంటీచీట్, బ్యాటిల్‌ఐ అనే మరో ఇద్దరు కాపలాదారులు 2021 నుంచి ప్రోటాన్‌తో కలిసి పనిచేయగలరు. అయితే తలుపు తీయాలా వద్దా అన్నది ఆట తయారుచేసినవాళ్ల ఇష్టం. తీసిన తలుపు మళ్లీ మూయవచ్చు కూడా. అపెక్స్ లెజెండ్స్ అంతకుముందు లినక్స్‌లో చక్కగా నడిచేది. మోసగాళ్లు ఎక్కువయ్యారన్న కారణంతో 2024 అక్టోబరు చివర్లో లినక్స్ వాళ్లందరినీ బయట పెట్టారు. డ్రైవర్ తప్పయితే మనం రాత్రంతా కూర్చొని సరిచేసుకోవచ్చు. ఇక్కడ మాత్రం ఎంత చదువుకున్నా, ఎన్ని ఆజ్ఞలు టైపు చేసినా ఉపయోగం లేదు. తమ్ముళ్లు రెండు రాత్రులు నిద్ర మానుకొని ప్రయత్నించారట. ఆ సంగతి తెలిసి నాకు ఎక్కువ బాధ కలిగింది.

మిగతా అడ్డంకులు చిన్నవే గానీ, తెలియకపోతే అక్కడే ఆగిపోతాం. ఎన్‌విడియా కార్డు ఉంటే ఆ కంపెనీ డ్రైవర్ విడిగా వేసుకోవాలి. మింట్‌లో అందుకు డ్రైవర్ మేనేజర్ ఉంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. కంప్యూటర్ మళ్లీ తెరుచుకొనేటప్పుడు నీలం తెర వస్తుంది. అందులో తాళంచెవి నమోదు చేయాలి. కంగారులో ‘కంటిన్యూ’ నొక్కేస్తే డ్రైవర్ ఉన్నా లేనట్టే. కొన్ని ఆటలు మొదటిసారి తెరిచేటప్పుడు ‘ప్రాసెసింగ్ వల్కన్ షేడర్స్’ అని నిమిషాల తరబడి నిలబడతాయి. అది ఆగిపోవడం కాదు, పని చేసుకుంటోంది. విండోస్ ఉన్న డిస్కులోని ఆటలనే లినక్స్ నుంచి తెరుద్దామని కూడా చాలామంది అనుకుంటారు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే ఆ డిస్కు సరిగా మూతపడదు, అప్పుడు లినక్స్ అందులో రాయలేదు. ఆటలను లినక్స్ సొంత డిస్కు భాగంలోనే మళ్లీ దింపుకోవడం మంచిది.

ఇక హెచ్చరికల భాష. 2021 నవంబరులో కెనడాకు చెందిన ప్రసిద్ధ యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ ఆటల కోసం పాప్ ఓఎస్ అనే లినక్స్‌కు మారి చూపించాడు. కంప్యూటర్లే అతని వృత్తి. స్టీమ్ ఎక్కించబోతే మామూలు పద్ధతిలో ఎక్కలేదు. టెర్మినల్‌లో ఆజ్ఞ ఇచ్చాడు. ఇది ప్రమాదం కావచ్చు, అయినా చేయాలంటే ‘యెస్, డు యాజ్ ఐ సే’ అని టైపు చెయ్యమంది. చేశాడు. కంప్యూటర్ చెప్పినట్టే చేసింది. డెస్క్‌టాప్ మొత్తం తీసేసి నల్ల తెర మిగిల్చింది. స్టీమ్ ప్యాకేజీలో ఉన్న లోపం అది. తర్వాత సరిచేశారు, అంత తేలిగ్గా అలా జరగకుండా మార్పులూ చేశారు. అయినా నాకు ఒకటే ఆలోచన. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాడే ఆ హెచ్చరికను దాటుకొని వెళ్లిపోయాడు. మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు, ఆ పని చేసిన మనవాళ్లు ఉన్నారు. టెర్మినల్ మాత్రం మనకు ఇంకా ఎక్కువగా ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది.

తర్వాతి ఆదివారం మళ్లీ వచ్చాను. ఈసారి నా దగ్గర వాడకుండా ఉన్న చిన్న ఎస్ఎస్‌డీ తెచ్చి, లినక్స్ జోలికి పోకుండా దాని మీద విండోస్ 10 వేశాను. భద్రతా అప్‌డేట్లను 2026 అక్టోబరు వరకు పొడిగించే పథకంలో నమోదు కూడా చేశాను. ఆదివారం రాత్రి విండోస్, మిగతా రోజులు లినక్స్. ఇప్పుడు ఎవరడిగినా మొదట నేనడిగేది ఒకటే: ఏ ఆట, ఎవరితో ఆడతావు? దాన్నిబట్టి ఆ ఆట లినక్స్‌లో నడుస్తుందో లేదో ప్రోటాన్‌డీబీలో వెతుకుతాం. ఆన్‌లైన్ ఆట అయితే యాంటీచీట్ సంగతి విడిగా చూస్తాం. పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ తెరిచి వైఫై, సౌండ్, తెర సరిగ్గా ఉన్నాయో చూస్తాం. హార్డ్‌డిస్క్ తుడిచే మాట అన్నిటికన్నా చివర.

ఆ ముగ్గురిలో చిన్నవాడు ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టాడు. టెర్మినల్‌లో వచ్చిన ఇంగ్లీషు వాక్యం ఎడమ పేజీలో, దాని అర్థం తెలుగులో కుడి పేజీలో రాస్తున్నాడు. కొత్త వాక్యం ఏదైనా వస్తే ఏమీ నొక్కకుండా నాకు ఫొటో పంపిస్తాడు. మొన్న రాత్రి పదకొండింటికి వచ్చిన ఫొటో కింద "అన్నా, దీనికి అవుననాలా, వద్దనాలా?" అని ఉంది. "ముందు నువ్వు చదివి చెప్పు, ఏమేం తీసేస్తానంటోంది?" అన్నాను. ఒక్కొక్క పేరే చదవడం మొదలుపెట్టాడు.